క్రియాటినిన్ తగ్గితే సంతోషించాలా?

ప్రశ్న: మా అమ్మగారికి 74 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. ఏడాదిలో 51 కిలోల నుంచి 46 కిలోలకు తగ్గారు. గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి, తడి తువ్వాలు పిండలేకపోతున్నారు. పళ్లు లేనందువల్ల రెండు పూటలా చారన్నం, పెరుగన్నమే తింటున్నారు. రక్తపరీక్షలో క్రియాటినిన్ 0.5 వచ్చింది, కిడ్నీలు బ్రహ్మాండంగా ఉన్నాయని ల్యాబులో చెప్పారు. ముసలితనపు బలహీనతనూ కండ తగ్గుదలనూ పట్టిచ్చే ‘బయోమార్కర్ల ప్యాకేజీ’ ఒకటి ఉందని, అదీ చేయించమని అంటున్నారు. చేయించమంటారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆ ప్యాకేజీ సంగతి తర్వాత చూద్దాం. మీ ఉత్తరంలో నన్ను ముందుగా ఆపింది ఆ 0.5 అనే అంకె. మన కండరాల్లో క్రియాటిన్ అనే పదార్థం నిల్వ ఉంటుంది. అందులో రోజుకు సుమారు 2 శాతం దానంతటదే క్రియాటినిన్‌గా మారి రక్తంలోకి వస్తుంది, కిడ్నీలు దాన్ని మూత్రంలోకి పంపేస్తాయి. అంటే కిడ్నీలు బాగా వడకట్టినా ఆ అంకె తగ్గుతుంది, తయారు చేసే కండే లేకపోయినా తగ్గుతుంది. గాజులు మోచేతి దాకా జారుతున్న మనిషి విషయంలో నేను రెండోదాన్నే ముందుగా అనుమానిస్తాను. కండ కరిగినవారిలో కిడ్నీలు కొంత దెబ్బతిన్నా క్రియాటినిన్ మామూలుగానే కనబడుతుంది, దాని మీద లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు వడకట్టే వేగపు అంచనా, అసలు ఉన్నదానికన్నా మెరుగ్గా చూపిస్తుంది. మెట్‌ఫార్మిన్ మోతాదు నిర్ణయించేది ఆ లెక్కను బట్టే కనుక ఈ పొరపాటును తేలిగ్గా తీసుకోకూడదు.

దీనికి విరుగుడుగా సిస్టాటిన్-సి అనే మరో పరీక్ష ఉంది. ఈ ప్రోటీన్‌ను ఒంట్లోని కణాలు దాదాపు అన్నీ తయారు చేస్తాయి కాబట్టి కండ ఎక్కువ తక్కువలతో దానికి పెద్దగా పని లేదు. క్రియాటినిన్‌ను సిస్టాటిన్‌తో భాగించి నూరుతో గుణిస్తే వచ్చే అంకెను పరిశోధకులు ‘సార్కోపీనియా (వయసుతో కండ తగ్గడం) సూచిక’ అంటున్నారు. అది ఎంత తక్కువగా ఉంటే కండ అంత తక్కువని అర్థం. అయితే థైరాయిడ్ తేడాలు, స్టెరాయిడ్ మందులు సిస్టాటిన్‌ను మార్చేస్తాయి కనుక దాన్నీ గుడ్డిగా నమ్మలేం. మీ అమ్మగారికి ఈ పరీక్ష నేను చేయిస్తాను, కానీ కండను కొలవడానికి కాదు, కిడ్నీల అసలు సంగతి తెలుసుకోవడానికి.

ఇక ప్యాకేజీ. ఇలాంటి జాబితాల్లో తరచుగా కనిపించే ఇంటర్‌ల్యూకిన్-6, సీఆర్పీ ఒంట్లో వాపు ప్రక్రియను తెలిపే సూచికలు. వయసు పైబడేకొద్దీ జబ్బంటూ ఏదీ లేకపోయినా ఈ వాపు సన్నగా రగులుతూ ఉంటుందని, కండ కరగడంలో దానికీ పాత్ర ఉందని అధ్యయనాలు చెబుతున్నాయి. అయినా చిగుళ్లకు చీము పట్టినా సీఆర్పీ పెరుగుతుంది, కాబట్టి అది పెరిగినంత మాత్రాన కండ పోయిందని చెప్పలేం. అగ్రిన్ అనే ప్రోటీన్ ముక్కను నరానికీ కండరానికీ మధ్య అతుకు సడలుతోందనడానికి గుర్తుగా చెబుతారు. కిడ్నీలు మందగించినా ఆ ముక్క రక్తంలో పేరుకుంటుంది. కండ అతిగా పెరగకుండా అడ్డుకునే మయోస్టాటిన్ అనే ప్రోటీన్ కథ ఇంకా విచిత్రం. దాని జన్యువు లేని ఎలుకల కండరాలు రెండు మూడింతలు పెరిగినట్టు 1997లో తేలింది. దాన్నిబట్టి బలహీనమైన వృద్ధుల రక్తంలో మయోస్టాటిన్ ఎక్కువగా ఉండాలి కదా! కానీ దాన్ని తయారు చేసేదే కండ కాబట్టి కండ తగ్గినవారిలో అది తక్కువగా కనబడిన సందర్భాలూ ఉన్నాయి. పరిశోధనకు ఇవన్నీ విలువైనవే. మీ అమ్మగారి వైద్యంలో మాత్రం వీటి ఫలితం ఎటు వచ్చినా నేను రాసే చీటీ మారదు, అందుకే ఆ ప్యాకేజీ వద్దంటున్నాను.

మరి ఎలా తెలుస్తుందంటే, రక్తంలో కన్నా పిడికిట్లో, మోకాళ్లలో ముందు తెలుస్తుంది. ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం పిడికిలి పట్టు ఆడవారిలో 18 కిలోలకు, మగవారిలో 28 కిలోలకు తగ్గితే కండబలం తగ్గినట్టే. పట్టును కొలిచే డైనమోమీటర్ దొరక్కపోతే కుర్చీ చాలు. గోడకు ఆనించిన గట్టి కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు గుండెల మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోమనండి, మీరు పక్కనే నిలబడండి. 12 సెకన్లు లేదా అంతకన్నా ఎక్కువ పడితే అనుమానించాలి. పిక్క లావైనచోట టేపు చుట్టి చూడండి, ఆడవారికి 33 సెంటీమీటర్ల కన్నా తక్కువ ఉంటే అదీ ఒక గుర్తే. కాళ్లకు నీరు చేరితే మాత్రం ఈ కొలత పనికిరాదు.

బలహీనతకు, అంటే వైద్యులు ఫ్రెయిల్టీ అనే స్థితికి, 2001 నుంచి వాడుకలో ఉన్న ఐదు లక్షణాలున్నాయి: ఏడాదిలో అనుకోకుండా నాలుగున్నర కిలోలకు పైగా తగ్గడం, పట్టు సడలడం, నడక మందగించడం, ఊరికే అలసిపోవడం, తిరగడం తగ్గిపోవడం. మూడు ఉంటే ఫ్రెయిల్టీ అంటారు. మీ ఉత్తరంలోనే రెండు కనబడుతున్నాయి, మిగిలిన మూడూ మీరే గమనించి చెప్పగలరు.

రక్తపరీక్షలు అసలు వద్దనడం లేదు. సరిదిద్దగల కారణం ఉందేమో వెతకడానికి మామూలు పరీక్షలే కావాలి: హిమోగ్లోబిన్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు), థైరాయిడ్, విటమిన్ డి, బి12. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గవచ్చు, ఆకలీ మందగించవచ్చు. అలాగని మందు మీరే ఆపేయకండి. ఏడాదిలో ఐదు కిలోలు తగ్గడాన్ని వయసు మీదికి తోసేయకూడదు, క్షయ, క్యాన్సర్ వంటివి లేవని వైద్యుడు నిర్ధారించుకోవాలి. విటమిన్ డి తక్కువని తేలితే వైద్యుడు చెప్పిన మోతాదే వాడండి. ఆస్ట్రేలియాలో 70 దాటిన మహిళలకు ఏడాదికొకసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూస్తే, వారు పడిపోవడమూ ఎముకలు విరగడమూ ఎక్కువయ్యాయని 2010లో ప్రకటించారు.

తిండి విషయానికొస్తే, పెద్దలకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలునని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. వయసు మళ్లినవారికి 1 నుంచి 1.2 గ్రాములు కావాలని వృద్ధుల పోషకాహార నిపుణులు అంటున్నారు. మీ అమ్మగారికి అది 46 నుంచి 55 గ్రాములు. చారన్నంతో అది అందదు. కిడ్నీల సంగతి తేలాక మెత్తగా ఉడికించిన ముద్దపప్పు, పెసరకట్టు, అలవాటుంటే గుడ్డు, పాలు మూడు పూటలకూ సర్దండి. కట్టుడు పళ్లు పెట్టించడం కూడా కండకు వైద్యమే.

వ్యాయామం లేకుండా తిండి ఒక్కటే పెంచితే పెద్దగా లాభం లేదని అమెరికాలో 100 మంది బలహీనమైన వృద్ధులపై 1994లో వచ్చిన అధ్యయనం తేల్చింది. అంతకు ముందు, 1990లో, తొంభై ఏళ్ల ప్రాయంలోని పదిమంది చేత 8 వారాలు బరువులు ఎత్తిస్తే తొడ కండరాల బలం సగటున 174 శాతం పెరిగింది. మీరు ఆ కుర్చీతోనే మొదలుపెట్టండి. మొదటి వారం చేతులు ఆనించి లేచినా సరే.

ప్రశ్న: మా నాన్నగారికి 70 ఏళ్లు, జ్వరంతో ఆసుపత్రిలో వారం రోజులు ఉన్నారు. ఇంటికొచ్చాక పూర్తి విశ్రాంతి పేరుతో మంచం దిగనివ్వడం లేదు. ఇది మంచిదేనా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మంచిది కాదు. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను పది రోజులు మంచం మీదే ఉంచి చూసిన ఒక అధ్యయనంలో వారి కాళ్ల కండ ఒక కిలో దాకా తగ్గింది. జ్వరం తగ్గింది కాబట్టి, చూస్తున్న వైద్యుడు వద్దంటే తప్ప, భోజనం మంచం దగ్గరికి తీసుకెళ్లకండి. ఆయన్నే కంచం దగ్గరికి నడిపించండి, లేచేటప్పుడు కళ్లు తిరుగుతాయేమో ఒక్క నిమిషం కూర్చోబెట్టి చూసి.