కారు నడపడం వస్తే ఫోర్క్‌లిఫ్ట్ వచ్చినట్టేనా?

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. కారు బాగా నడుపుతాడు. గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ ఆపరేటర్‌గా చేరతానంటున్నాడు. కారు వచ్చినవాడికి ఇదేమంత కష్టం కాదని తెలిసినవాళ్లు అంటున్నారు. నిజమేనా? ముందుగా ఏం నేర్చుకోవాలి?

జవాబు: బండిని కదిలించడం త్వరగానే వస్తుందండీ. బరువును సరిగ్గా అంచనా వేయడానికే సమయం పడుతుంది, ఆపరేటర్ పనితనమంతా అందులోనే ఉంది. నిజానికి కారు అలవాటు మొదట్లో అడ్డొస్తుంది కూడా. ఫోర్క్‌లిఫ్ట్‌లో తిరిగేవి వెనక చక్రాలు. ముందు భాగం సందులోకి చక్కగా తిరిగినా, వెనక భాగం బయటికి విసురుకుని ర్యాక్ స్తంభానికి తగులుతుంది. స్తంభం వంగితే పైనున్న పాలెట్లన్నీ (సరుకు పేర్చే బల్లలు) ప్రమాదంలో పడ్డట్టే.

మీవాడు ముందుగా చదవాల్సింది బండి మీదుండే కెపాసిటీ ప్లేటు. '2,000 కిలోలు, 500 మి.మీ.' అని ఉంటే, సరుకు బరువు కేంద్రం ఫోర్కుల (సరుకు కిందికి దూర్చే రెండు ఇనుప చేతుల) నిలువు ముఖం నుంచి 500 మి.మీ. దాటనంతవరకే 2,000 కిలోలు ఎత్తొచ్చని అర్థం. సమానంగా నింపిన 1,400 మి.మీ. పొడుగు పెట్టెకు ఆ కేంద్రం 700 దగ్గర ఉంటుంది. ముందు ఇరుసు నుంచి ఫోర్కుల ముఖానికి 450 మి.మీ. ఉన్న బండి అనుకుంటే, లెక్క 2,000 × (450 + 500) ÷ (450 + 700), అంటే 2,000 × 950 ÷ 1,150. సుమారు 1,650 కిలోలే! ఎత్తు పెరిగినా, అటాచ్‌మెంట్ (అదనపు పరికరం) తగిలించినా ఇంకా తగ్గుతుంది. ఈ లెక్క అర్థం కావడానికే. పనిలో తయారీదారు ఇచ్చిన పట్టికనే నమ్మాలి.

బండి పక్కకు పడేది ఎక్కువగా ఫోర్కులు పైకెత్తి మలుపు తిప్పినప్పుడు. ఖాళీ బండి కూడా పడుతుంది. అందుకే కదిలేటప్పుడు ఫోర్కులు నేలకు 15–20 సెం.మీ. ఎత్తులోనే, మాస్ట్ (ఫోర్కులు ఎక్కి దిగే నిలువు చట్రం) వెనక్కి వంచి ఉండాలి. సరుకుతో వాలు ఎక్కేటప్పుడు ముందుకు, దిగేటప్పుడు రివర్స్‌లో: సరుకు ఎప్పుడూ ఎగువ వైపే. వాలు మీద మలుపు తిప్పకూడదు. ఒరుగుతున్న బండిలోంచి దూకినవాడి మీద పైకప్పు కమ్మీలు పడతాయి. సీటు బెల్టు పెట్టుకుని స్టీరింగ్ గట్టిగా పట్టుకోవాలి, పడే వైపుకు కాకుండా దానికి వ్యతిరేక దిశలో ఒరగాలి. ఇది మాత్రం శిక్షణలో మళ్లీ మళ్లీ చేయించమని అడగండి.

చేరేముందు కళ్ల పరీక్ష చేయించండి. చాలా ఎత్తులో ఉన్న పాలెట్ సందులోకి ఫోర్కులు దూర్చాలంటే దూరం సరిగ్గా తెలియాలి. రివర్స్‌లో నడిపేటప్పుడు తరచూ వెనక్కి తిరిగి చూడాలి, కాబట్టి మెడనొప్పి ఉన్నవాళ్లకు ఇబ్బందే.

పాలెట్ ట్రక్‌తో (పాలెట్‌ను నేల నుంచి కాస్త ఎత్తి తీసుకెళ్లేది) మొదలుపెట్టి కౌంటర్‌బ్యాలెన్స్ (వెనక బరువుతో సరుకును నిలబెట్టే మామూలు ఫోర్క్‌లిఫ్ట్), తర్వాత రీచ్ ట్రక్ (ఇరుకు సందుల్లో ఫోర్కులను ముందుకు చాచి ఎత్తైన ర్యాక్‌లను అందుకునేది) నేర్చుకోవడం మంచి వరస. ఒక రకం మీద తీసుకున్న శిక్షణ ఇంకో రకానికి చాలదు. సర్టిఫికెట్‌లో ఏ యంత్రమో స్పష్టంగా రాయించుకోవాలి. ఇంటర్వ్యూలో మీవాడు ఒక ప్రశ్న తప్పక అడగాలి: షిఫ్ట్ మొదట్లో బ్రేకులు, హారన్, గొలుసులు, హైడ్రాలిక్ లీకులు చూసినప్పుడు లోపం కనిపిస్తే బండిని పక్కన పెట్టే అధికారం ఆపరేటర్‌కు ఉందా? లేదంటే ఆ గోదాము వద్దు, ఇంకోటి చూసుకోమనండి.