చవక హార్డ్‌వేర్ వాలెట్ చేస్తానంటే నాన్న వద్దంటున్నారు

ప్రశ్న: ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాను. క్రిప్టోకరెన్సీ భద్రంగా ఉంచుకునే హార్డ్‌వేర్ వాలెట్లు చాలామందికి అందని ధరలో ఉన్నాయి. ఓపెన్ సోర్స్ పద్ధతిలో చవకైనది ఒకటి తయారుచేసి, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా పెట్టి, తర్వాత దాన్నే స్టార్టప్‌గా మార్చాలనుకుంటున్నాను. నాన్నగారేమో ‘క్రిప్టో అంటే జూదం, ఆ మాట రెజ్యూమెలో కనిపిస్తే ఉద్యోగం రాదు’ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ప్రాజెక్టు చేయండి. స్టార్టప్ ఆలోచనను మాత్రం ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

నాన్నగారి భయం పూర్తిగా కొట్టిపారేసేది కాదు. కాయిన్ల ధరలు పెరిగినప్పుడు జోరుగా ఉద్యోగాలిచ్చే కంపెనీలు, అవి పడగానే అంతే జోరుగా తీసేస్తాయి. అయితే మీరు చేయబోయేది కాయిన్ల వ్యాపారం కాదన్న సంగతి ఆయనకు తెలియాలి. హార్డ్‌వేర్ వాలెట్లో కాయిన్లు ఉండవు, ఒక రహస్య సంఖ్య ఉంటుంది. ఫోనో కంప్యూటరో పంపిన లావాదేవీని తెర మీద చూపించి, మనం బటన్ నొక్కాక ఆ సంఖ్యతో డిజిటల్ సంతకం చేసి, సంతకాన్ని మాత్రమే బయటికి ఇస్తుంది. సంఖ్య మాత్రం లోపలే ఉండిపోవాలి. బ్యాంకు కార్డు మీది చిప్, ఫోన్‌లోని సిమ్ కూడా ఇలా రహస్యాన్ని లోపలే దాచి పనిచేసేవే. పైగా బిట్‌కాయిన్‌కు ప్రయోగాల కోసం టెస్ట్‌నెట్ అనే విడి నెట్‌వర్క్ ఉంది, అందులోని కాయిన్లకు విలువ లేదు. ప్రాజెక్టు మొత్తం అసలు డబ్బు ముట్టుకోకుండానే పూర్తిచేయొచ్చు. ఇది ఇంట్లో చెప్పండి, సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.

ఇక చవక సంగతి. విడిభాగాల ఖర్చులో మీరు కొత్తగా తగ్గించగలిగింది తక్కువే. చెక్ కంపెనీ సతోషీల్యాబ్స్ 2014లో అమ్మడం మొదలుపెట్టిన తొలి ట్రెజర్ వాలెట్లో ఉన్నది మామూలు ఎస్‌టీఎం32 మైక్రోకంట్రోలర్ (ఒకే చిప్‌లో ఇమిడిన చిన్న కంప్యూటర్), చిన్న తెర, రెండు బటన్లు. సర్క్యూట్, ఫర్మ్‌వేర్ (పరికరం లోపల నడిచే సాఫ్ట్‌వేర్) రెండూ ఓపెనే. సీడ్‌సైనర్ అనే వాలెట్ అయితే రాస్ప్‌బెర్రీ పై జీరో 1.3 అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు కెమెరా, తెర తగిలించుకుని ఎవరికి వారే చేసుకునేది. ఆ బోర్డులో వైఫై, బ్లూటూత్ లేకపోవడమే దాన్ని ఎంచుకోవడానికి కారణం. సమాచారమంతా క్యూఆర్ కోడ్‌ల ద్వారానే వచ్చిపోతుంది. కాబట్టి ‘తక్కువ ఖర్చులో చేశాను’ అంటే ఇంటర్వ్యూలో ఎవరూ ఆశ్చర్యపోరు. ఖర్చు తగ్గించినందుకు ఏ దాడిని అడ్డుకోలేకపోయారో, ఎందుకు వదిలేశారో చెప్పండి, అప్పుడు శ్రద్ధగా వింటారు. మీ ప్రాజెక్టుకు అసలు సరుకు ఇదేనని నా అభిప్రాయం.

ఉదాహరణకు, మామూలు మైక్రోకంట్రోలర్లో రహస్యాన్ని దాచితే ఏమవుతుందో ఇప్పటికే తెలుసు. 2018 డిసెంబర్‌లో లైప్‌జిగ్‌లో జరిగిన కేయాస్ కమ్యూనికేషన్ కాంగ్రెస్ అనే హ్యాకర్ల సదస్సులో ముగ్గురు పరిశోధకులు ఆ తొలి ట్రెజర్ (ట్రెజర్ వన్) చిప్‌కు అందే కరెంటును సరైన క్షణంలో తడబడేలా చేసి, దాని మెమరీ రక్షణను దాటి సీడ్‌ను, అంటే రహస్య సంఖ్యకు మూలమైన పదాల వరుసను, బయటికి తీసి చూపించారు. దీన్నే వోల్టేజ్ గ్లిచింగ్ అంటారు. 2020 జనవరిలో క్రాకెన్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజ్‌కు చెందిన క్రాకెన్ సెక్యూరిటీ ల్యాబ్స్, పరికరం చేతికి చిక్కితే 15 నిమిషాలు చాలని ప్రకటించింది. లోపం చిప్‌లోనే ఉంది కనుక ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌తో పోయేది కాదు. యజమాని సీడ్‌కు తోడుగా, పరికరంలో దాచని బలమైన పాస్‌ఫ్రేజ్ (రహస్య పదబంధం) పెట్టుకోవడమే దారి.

దీనికి ఒక్కొక్కరు ఒక్కో జవాబు వెతికారు. లెడ్జర్ అనే వాలెట్ కంపెనీ మొదటినుంచీ సెక్యూర్ ఎలిమెంట్ చిప్ (రహస్యాలు దాచడానికే చేసిన ప్రత్యేక చిప్) వాడింది, కానీ అలాంటి చిప్‌ల లోపలి వివరాలు చాలావరకు రహస్య ఒప్పందాల కింద ఉంటాయి, ఓపెన్ సోర్స్‌కు అక్కడే చిక్కు. బ్లాక్‌స్ట్రీమ్ జేడ్ అనే వాలెట్ చవకైన ఈఎస్‌పీ32 చిప్‌నే వాడి, పిన్ సరిచూసే పనిలో కొంత బయటి సర్వర్‌కు అప్పగించింది; ఆ సర్వర్‌ను కావాలంటే మనమే నడుపుకోవచ్చు. సీడ్‌సైనర్ అసలు ఏదీ దాచదు, వాడిన ప్రతిసారీ సీడ్‌ను మళ్లీ ఇవ్వాలి. పరికరం దొంగిలించినా అందులో ఏమీ దొరకదు, కానీ సీడ్ రాసిన కాగితం దొరికితే అన్నీ పోయినట్టే. మూడింటిలో మీరు ఏ దారి పడతారో నిర్ణయించుకుని, కారణాలతో సహా రిపోర్టు మొదటి పేజీలో రాయండి.

గ్లిచింగ్ కంటే ముందు చూసుకోవాల్సింది రాండమ్‌నెస్, అంటే యాదృచ్ఛికత, ఎవరూ ముందుగా ఊహించలేనితనం. 12 పదాల సీడ్‌లో ప్రతి పదమూ 2048 పదాల పట్టికలోంచి వస్తుంది. అంటే పదానికి 11 బిట్లు, మొత్తం 132. అందులో 128 యాదృచ్ఛికం, 4 సరిచూసుకోవడానికి. ఆ 128 నిజంగా ఊహకందనివి కాకపోతే మిగతా ఇంజినీరింగ్ ఎంత బాగున్నా దండగే. లిబ్‌బిట్‌కాయిన్ ఎక్స్‌ప్లోరర్ అనే ఓపెన్ సోర్స్ సాధనంలో సీడ్ తయారీకి వాడిన యాదృచ్ఛికత 32 బిట్లు మాత్రమేనని 2023లో బయటపడింది, అప్పటికే దొంగలు జనం డబ్బు కాజేశారు. సంతకంలోనూ ఇదే ప్రమాదం. సోనీ ప్లేస్టేషన్ 3లో సంతకానికి ప్రతిసారీ కొత్తగా ఉండాల్సిన సంఖ్యను మార్చకుండా వాడటంతో, 2010లో హ్యాకర్లు కంపెనీ రహస్య కీని లెక్కగట్టేశారు. గేమింగ్ కంపెనీకి కూడా మీలాంటి చదువున్నవాళ్లు ఎందుకు కావాలో నాన్నగారికి చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ. క్రిప్టోగ్రఫీ కోడ్ మాత్రం సొంతంగా రాయకండి. లిబ్‌సెక్‌పీ256కే1 లాంటి, ఎంతోమంది వాడి పరీక్షించిన లైబ్రరీ తీసుకుని, ప్రచురించిన టెస్ట్ వెక్టర్లతో (ముందే జవాబు తెలిసిన నమూనా లెక్కలతో) సరిపోల్చండి.

పని క్రమం విషయానికొస్తే, ముందు సీడ్‌సైనర్ ఒకటి బిగించి టెస్ట్‌నెట్లో లావాదేవీ చేయండి. దాని కోడ్ చదవండి. ఆ తర్వాతే కీక్యాడ్ అనే సర్క్యూట్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో మీ బోర్డు గీయండి. బోర్డు పనిచేసిందని అక్కడితో ఆగకండి, చాలామంది అక్కడే ఆగిపోతారు. గ్లిచింగ్ లాంటి దాడులు చేసి చూడటానికి వాడే చిప్‌విస్పరర్ అనే ఓపెన్ సోర్స్ పరికరం కాలేజీ ల్యాబ్‌లో దొరికితే మీ వాలెట్ మీద మీరే దాడి చేయండి. దాడి ఫలించకపోయినా ఏం ప్రయత్నించారో రాసిపెట్టండి. మీ కోడ్‌ను ఇంకొకరు కంపైల్ చేసినా అదే హ్యాష్ (ఫైలు వేలిముద్ర లాంటి సంఖ్య) వచ్చేలా బిల్డ్ తయారుచేస్తే మరీ మంచిది.

ఇంత చేసినవాళ్లకు ఎంబెడెడ్ సెక్యూరిటీ ఇంజినీర్, ఫర్మ్‌వేర్ ఇంజినీర్ ఉద్యోగాల దారి తెరుచుకుంటుంది. చిప్ తయారీ, వాహనాలు, వైద్య పరికరాలు, చెల్లింపు యంత్రాలు, అన్నిచోట్లా ఇదే పని. రెజ్యూమెలో ‘సెక్యూర్ సైనింగ్ డివైస్’ అని రాసి, కింద వివరాల్లో బిట్‌కాయిన్ ప్రస్తావించండి. దాచడం కాదిది, చేసిన పనిని సరిగ్గా చెప్పడం. సర్టిఫికెట్ కోర్సుల వెంట పడకండి, మీ కోడ్ రిపాజిటరీయే మాట్లాడుతుంది.

స్టార్టప్ ఎందుకు వద్దన్నానంటే, వాలెట్ అమ్మిన రోజునుంచి ఇతరుల పొదుపు మీ చేతిలో ఉన్నట్టే. బయటివాళ్లతో ఆడిట్ చేయించాలి, ఏళ్ల తరబడి అప్‌డేట్లు ఇవ్వాలి, మధ్యలో ఎవరూ మార్చని పరికరమే కొన్నవాళ్లకు చేరుతోందని రుజువు చూపాలి. వీటి ముందు విడిభాగాల ఖర్చు చిన్నది, చవకగా అమ్మడం కష్టమయ్యేదీ ఇక్కడే. వేరేవాళ్ల కోడ్ మీద కట్టేటట్టయితే లైసెన్సు కూడా చదవాలి, కోడ్ చూడనిచ్చి అమ్మకం ఒప్పుకోని లైసెన్సులూ ఉన్నాయి. రెండు మూడేళ్లు ఉద్యోగం చేస్తూ ఇప్పటికే ఉన్న ఓపెన్ సోర్స్ వాలెట్లకు బగ్ రిపోర్టులు, ప్యాచ్‌లు పంపండి. అప్పటికీ సొంతంగా పెట్టాలనే అనిపిస్తే, మీతో కలిసి పనిచేసినవాళ్లలోంచే భాగస్వాములు దొరకొచ్చు.