టెక్ సందేహాలు: తూకం మిషన్ చూపే ‘విసెరల్ ఫ్యాట్’ అంకెను నమ్మొచ్చా?

ప్రశ్న: మా స్మార్ట్ తూకం మిషన్ నాకు విసెరల్ ఫ్యాట్ 13 అంటోంది. భీమవరంలో మా అమ్మాయి వాళ్లింట్లో వేరే కంపెనీది 9 చూపించింది. నాకు 52 ఏళ్లు, ఎత్తు 168 సెం.మీ., బరువు 64 కిలోలే. ఏది నమ్మాలి? టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: ఆ రెండు అంకెల్నీ పోల్చకండి సార్. విసెరల్ ఫ్యాట్ అంటే కాలేయం, పేగుల చుట్టూ పేరుకునే కొవ్వు. దానికి ఒక్కో కంపెనీ లెక్క ఒక్కోలా ఉంటుంది. టనీటా మిషన్లలో 12 దాకా మామూలే, ఒమ్రాన్‌లో 10 వస్తేనే ఎక్కువ కింద లెక్క.

అసలు ఈ మిషన్లకు పొట్ట లోపల ఏముందో కనబడదు. మనకు తెలియనంత చిన్న కరెంటును అరికాళ్ల నుంచి పంపి, ఒళ్లు దాన్ని ఎంత అడ్డుకుంటోందో చూస్తాయి. కాళ్లతో ఎక్కి నిలబడే రకాల్లో అది ఎక్కువగా ఒక కాల్లోంచి ఎక్కి రెండో కాల్లోంచి దిగిపోతుంది. మిగతాదంతా వయసు, ఎత్తు, బరువు, ఆడా మగా అన్నవి కలిపి కట్టే అంచనా. అందుకే ముందు యాప్‌లో మీ వివరాలు సరిచూసుకోండి. ‘అథ్లెట్ మోడ్’ (బాగా వ్యాయామం చేసేవాళ్ల కోసం పెట్టిన సెట్టింగ్) ఆన్‌లో ఉంటే లెక్కే మారిపోతుంది. ఇంట్లో ఇద్దరి బరువు దగ్గరదగ్గరగా ఉంటే ఒకరి రీడింగు ఇంకొకరి ఖాతాలో పడుతుంటుంది. చెరువు గట్టు మీద ఎండలో చెమటలు కక్కి వచ్చి ఎక్కినా అంకె మారుతుంది. పొద్దున్నే ఏమీ తినకముందు, తడి లేని కాళ్లతో, ఎప్పుడూ ఒకే మిషన్ మీద చూసుకోండి. నెలల తరబడి పెరుగుతోందా తగ్గుతోందా అన్నదే చూడండి. కచ్చితంగా కొలిచేవి సీటీ, ఎమ్మారై స్కాన్‌లు. దీనికోసం అంత ఖర్చు, సీటీ అయితే రేడియేషన్ కూడా, అనవసరం.

నన్నడిగితే దర్జీ టేపుతో నడుము చుట్టుకొలత చూసుకుంటే చాలు. ప్యాంటు సైజు చెప్పకండి, మనవాళ్లలో చాలామంది ప్యాంటైనా లుంగీ అయినా పొట్ట కిందికే కడతారు. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ సరిగ్గా మధ్యన టేపు చుట్టి, మామూలుగా ఊపిరి వదిలాక కొలవండి. పొట్ట లోపలికి లాగొద్దు. మన దేశంలో మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు హద్దు. ఎత్తులో సగం దాటకూడదన్నది ఇంకో కొలత, మీకైతే 84. మీ బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందా అని చూసే లెక్క) 23 లోపే ఉంది, కానీ దాన్ని చూసి నిశ్చింతగా ఉండలేం. సన్నగా కనిపించే భారతీయుల్లోనూ పొట్ట లోపల కొవ్వు ఎక్కువగా ఉంటుందని వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. నడుము హద్దు దాటితే బీపీ, పరగడుపు షుగరు, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు), హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) పరీక్షలు చేయించుకుని డాక్టరుగారికి చూపించండి. ఇది వాయిదా వేయొద్దు.

ప్రశ్న: గుండెకు పేస్‌మేకర్ ఉన్న మా నాన్నగారు ఇలాంటి మిషన్ ఎక్కొచ్చా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: వద్దమ్మా. ఒంట్లోకి కరెంటు పంపే ఏ మిషన్నూ, ఆ సదుపాయం ఉన్న స్మార్ట్‌వాచ్‌నూ ఆయన వాడకూడదు. గర్భిణులు కూడా వాడొద్దనే కంపెనీలు రాస్తాయి. నాన్నగారికి మామూలు తూకం మిషన్, టేపు సరిపోతాయి.