కల్చర్ ఫెయిలైతే జబ్బు ముదిరినట్టా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. మా బాపుకు 52 ఏళ్లు. ఎడమ డొక్కలో బరువుగా ఉందంటే హన్మకొండలో చూపించాం. తెల్లకణాలు 1,80,000 ఉన్నాయి, ప్లీహం వాచింది, సీఎంఎల్ అనే బ్లడ్ క్యాన్సర్ కావొచ్చన్నారు. ఎముక మజ్జ తీసి హైదరాబాద్ ల్యాబ్‌కు పంపారు. పది రోజుల తర్వాత ‘కల్చర్ ఫెయిలైంది, మళ్లీ శాంపిల్ పంపండి’ అన్నారు. జబ్బు ముదిరిందా? జీన్ టెస్టు అంటున్నారు, నాకూ చెల్లికీ వస్తుందా?

జవాబు: కల్చర్ ఫెయిలైనంత మాత్రాన జబ్బు ముదిరినట్టు కాదు. ఇది షుగర్ టెస్టులా మెషిన్‌లో పెట్టగానే వచ్చే రిపోర్టు కాదు. ముందు మజ్జ కణాలు బతికుండాలి. వాటిని 37 డిగ్రీల వేడిలో ఒకటి రెండు రోజులు పెంచి (దీన్నే కల్చర్ అంటారు), విడిపోబోయే సమయానికి మందు వేసి ఆపుతారు. అప్పుడే జన్యువులను మోసే క్రోమోజోములు విడివిడిగా కనబడతాయి. రంగు వేస్తే ఒక్కోదాని మీద చారలు తేలతాయి. చదువుకునే రోజుల్లో ఒక జెనెటిసిస్ట్ (జన్యు నిపుణురాలు) పక్కన కూర్చుని చూశాను. ఆమె ఒక్కో కణంలోని 46 క్రోమోజోములనూ జతలుగా పేరుస్తూ పోయారు. మామూలుగా 20 కణాలు చూడాలి. మధ్యలో ఆగి, ‘ఈ 22 చూడండి, పొట్టిగా లేదూ?’ అన్నారు. అదే సీఎంఎల్‌కు గుర్తైన ఫిలడెల్ఫియా క్రోమోజోమ్. 1960లో అమెరికాలోని ఆ ఊళ్లోనే కనిపెట్టారు. 9, 22 క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం వల్లే అలా అవుతుందని 1973లో అమెరికా శాస్త్రవేత్త జానెట్ రౌలీ తేల్చారు.

మరి కల్చర్ ఎందుకు ఫెయిలవుతుంది? చాలాసార్లు దారిలోనే. కల్చర్‌కు పచ్చ మూత ట్యూబు కావాలి, ఊదా మూతది జన్యువును నేరుగా వెతికే పీసీఆర్ టెస్టుకు. ఇవి తారుమారైనా, మజ్జ గడ్డకట్టినా, ఐస్ ముక్క ట్యూబుకు ఆనుకున్నా కణాలు చచ్చిపోతాయి. శనివారం సాయంత్రం పంపిన శాంపిల్ సోమవారం దాకా థర్మాకోల్ డబ్బాలోనే ఉండిపోవడమూ నాకు తెలుసు. ఈసారి వారం మొదట్లో పంపమనండి.

ఈలోగా చేయి రక్తంతోనే బీసీఆర్-ఏబీఎల్ (ఆ ముక్కల మార్పిడితో ఏర్పడే జన్యువు) టెస్టు, పీసీఆర్ పద్ధతిలోనో, మెరిసే రంగుతో గుర్తించే ఫిష్ (FISH) పద్ధతిలోనో, చేయించవచ్చేమో మీ డాక్టర్‌ను అడగండి. దీనికి కణాలు పెంచే పని లేదు. మజ్జ మళ్లీ తీయాలా వద్దా అన్నది ఆయనే చెప్తారు.

మీకూ చెల్లికీ భయం వద్దు. ఈ మార్పు పుట్టుకతో వచ్చింది కాదు. పెద్దయ్యాక మజ్జలోని ఒక్క కణంలో జరిగింది, పిల్లలకు సంక్రమించదు. మీరిద్దరూ ఏ టెస్టూ చేయించుకోనక్కర్లేదు.

టెస్టు పాజిటివ్ వస్తే సాధారణంగా ఇమాటినిబ్ లాంటి రోజువారీ మాత్రలు మొదలవుతాయి. 2001లో ఆ మందు వచ్చాక ఈ జబ్బు తీరే మారిపోయింది. మూడు నెలలకు పీసీఆర్‌లో బీసీఆర్-ఏబీఎల్ అంకె 10 శాతానికో అంతకన్నా తక్కువకో దిగితే మందు పనిచేస్తున్నట్టు. ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించండి, ల్యాబు మారితే అంకెలు పోల్చడం కష్టం.

ఒక్క మాట, బరువుగా ఉందని ఎవరితోనూ కడుపు తోమించకండి. వాచిన ప్లీహం చిట్లే ప్రమాదం ఉంది. చూపు మసకబారినా, ఎడమ డొక్కలో హఠాత్తుగా నొప్పి లేచినా రిపోర్టు కోసం ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.