టెక్ సందేహాలు: ఇంట్లో కట్టుకున్న రేడియోకి బుల్లి ఓఎల్‌ఈడీ తెర

ప్రశ్న: హామ్ రేడియోలోని 40 మీటర్ల బ్యాండుకు డైరెక్ట్ కన్వర్షన్ రిసీవర్ (సిగ్నల్‌ను నేరుగా ఆడియోగా మార్చేది) కట్టాను. ఆర్డుయినో నానో (చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు), ఎస్‌ఐ5351 మాడ్యూల్ (ఫ్రీక్వెన్సీ పుట్టించేది), 0.96 అంగుళాల ఓఎల్‌ఈడీ వాడాను. తెర వెలిగిన దగ్గర్నుంచి హెడ్‌ఫోన్లో సన్నటి ఈల, దాని కింద బుర్రుమని మోత. యాంటెన్నా పీకేసినా పోవడం లేదు. డిస్‌ప్లే మార్చాలా? (ఓ పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: అక్కర్లేదు. డిస్‌ప్లే బాగానే ఉంది, దానికి కరెంటు ఇచ్చే తీరు మార్చాలి. యాంటెన్నా తీసినా మోత పోలేదన్నారు కదా, మీ లేఖలో అదే అసలైన ఆధారం. గాలిలోంచి వచ్చే రొద అయితే యాంటెన్నాతో పాటే తగ్గేది. ఇది సరఫరా తీగలోంచో, గ్రౌండ్‌లోంచో నేరుగా ఆడియో ఆంప్లిఫయర్‌లోకి దూరుతోంది.

ఈ తెరల్లో ఉండే ఎస్‌ఎస్‌డీ1306 చిప్ 64 వరసలనూ ఒకేసారి వెలిగించదు. ఒక్కో వరసనూ వెలిగిస్తూ, ఆర్పుతూ కిందికి దిగుతుంది. ఆ వరసలో ఎన్ని చుక్కలు వెలగాలో అంత కరెంటు లాగుతుంది. చిప్ లోపలి గడియారం సుమారు 370 కిలోహెర్ట్జ్. చాలా లైబ్రరీలు వాడే సెట్టింగులతో లెక్కేస్తే వరసల వేగం 5.6 కిలోహెర్ట్జ్ దగ్గర, మొత్తం తెర తిరిగొచ్చే వేగం 88 హెర్ట్జ్ దగ్గర పడతాయి. మీకు వినిపించే ఈల మొదటిది, మోత రెండోది. ఆ 88 హెర్ట్జ్ హార్మోనిక్స్ (దాని గుణిజాలు) 600, 700 హెర్ట్జ్ దాకా వస్తాయి. మోర్స్ వినేది సరిగ్గా అక్కడే.

ముందు రోగ నిర్ధారణ చేయండి. యాంటెన్నా సాకెట్‌కి 50 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి వినండి. స్కెచ్‌లో (ఆర్డుయినో ప్రోగ్రామ్‌లో) డిస్‌ప్లేని నిద్రపుచ్చే ఆదేశం ఇవ్వండి. తెరలు నడిపే యూ8జీ2 లైబ్రరీలో సెట్‌పవర్‌సేవ్ ఫంక్షన్‌కి 1 ఇస్తే చాలు. మోత ఆగితే దోషి తెరే. తర్వాత తెరకు మాత్రం విడిగా 3.7 వోల్టుల లిథియం సెల్ నుంచి కరెంటు ఇచ్చి, గ్రౌండ్లు ఒక్క చోటే కలిపి చూడండి. ఇప్పుడు నిశ్శబ్దమైతే లోపం సరఫరాలో ఉంది. మోత ఇంకా ఉంటే గ్రౌండ్ దారినో, ఐ2సీ తీగలనో (నానో, తెర మధ్య డేటా నడిచే రెండు తీగలు) అనుమానించాలి.

సరఫరాకి వైద్యం ఇది. తెరకు నానో 5 వోల్టుల పిన్ నుంచి ఇవ్వకండి. 12 వోల్టుల లైన్ నుంచి 100 ఓమ్‌ల రెసిస్టర్, దాని తర్వాత గ్రౌండ్‌కి 470 మైక్రోఫారడ్, 25 వోల్టుల కెపాసిటర్, అక్కణ్నుంచి 78ఎల్33 రెగ్యులేటర్. దాని అవుట్‌పుట్ దగ్గర 10 మైక్రోఫారడ్, 0.1 మైక్రోఫారడ్ ఒక్కొక్కటి. తెర తాగేది 20 మిల్లీఆంపియర్లనుకుంటే ఆ రెసిస్టర్ మీద పడిపోయేది 2 వోల్టులే, రెగ్యులేటర్‌కి ఇంకా 10 మిగులుతాయి. ఆ రెసిస్టర్, 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ల జంట 3.4 హెర్ట్జ్ పైనున్న అలలను అణగదొక్కేస్తుంది కాబట్టి 88 హెర్ట్జ్ మోత ఆడియో వైపు పెద్దగా దాటదు. ఇంకో లాభమూ ఉంది. చాలా మాడ్యూళ్లలో ఎస్‌డీఏ, ఎస్‌సీఎల్ అనే ఐ2సీ తీగల పుల్-అప్ రెసిస్టర్లు (తీగను పై వోల్టేజికి లాగి ఉంచేవి) సరఫరా వోల్టేజికే కట్టి ఉంటాయి. ఎస్‌ఐ5351 చిప్ 3.3 వోల్టులది, 3.8కి మించి ఓర్చుకోదు. తెరకు 3.3 ఇస్తే చిప్‌కీ క్షేమం.

తెర గ్రౌండ్ తీగను ఆడియో ఆంప్లిఫయర్ చిప్ ఎల్‌ఎం386 గ్రౌండ్‌కి కలపకుండా, బోర్డులోకి కరెంటు వచ్చే చోటికే నేరుగా తీసుకెళ్లండి. చాలా రిసీవర్లలో ఈ ఒక్క తీగ మార్చడంతోనే సగం గోల పోతుంది.

ఈల కాక టిక్కు టిక్కుమని వినిపిస్తే అది ఐ2సీ రాకపోకల చప్పుడు. తెరను లూప్ తిరిగినప్పుడల్లా గీయకండి. ఫ్రీక్వెన్సీ మారినప్పుడే, మారిన అంకె వరకే రాయండి. ఎస్-మీటర్‌కి (సిగ్నల్ బలం చూపేది) సెకనుకు నాలుగైదు సార్లు చాలు. 100 కిలోహెర్ట్జ్ వేగంలో 1024 బైట్ల పూర్తి తెర పంపడానికి దాదాపు సెకనులో పదో వంతు పడుతుంది, అంతసేపూ రోటరీ ఎన్‌కోడర్ (ట్యూనింగ్ మీట) తిప్పినా లెక్కకు రాదు. అందుకే వేగం 400కి పెంచండి, ఎన్‌కోడర్‌ను ఇంటరప్ట్‌లతో చదవండి. నానో దగ్గర రెండు తీగల్లోనూ 100 ఓమ్‌లు వరసలో పెడితే అంచులు మెత్తబడతాయి.

చివరగా, తెరంతా చుట్టూ డబ్బా గీయడం, నిండు పట్టీలు నింపడం మానండి. అడ్డంగా నిండిన వరసే ఎక్కువ కరెంటు లాగుతుంది. సన్నని అంకెలు, ఖాళీ గీతల ఎస్-మీటర్ చూడ్డానికి సాదాగా ఉన్నా చెవికి హాయి.

ప్రశ్న: 1.3 అంగుళాల తెర కొన్నాను. అక్షరాలు ఎడమవైపు కాస్త తెగుతున్నాయి, కుడి అంచున చుక్కల గీత. తెర వెనక ఐ2సీ చిరునామా 0ఎక్స్78 అని ఉంది, అది ఇస్తే పని చేయలేదు. (ఓ పాఠకురాలు, వరంగల్)

జవాబు: మీ తెరలో ఉన్న చిప్ ఎస్‌హెచ్1106. దాని మెమరీ వెడల్పు 132, తెర వెడల్పు 128. కాబట్టి ఎడమ రెండు నిలువు వరసలు బయటికి కనబడవు. యూ8జీ2లో ఎస్‌హెచ్1106 కన్‌స్ట్రక్టర్ ఎంచుకోండి, సర్దుకుంటుంది. 0ఎక్స్78 అన్నది చదవాలా రాయాలా చెప్పే బిట్ కూడా కలిపి వేసిన అంకె. ఆర్డుయినో వైర్ లైబ్రరీకి దాన్ని సగం చేసి 0ఎక్స్3సీ అని ఇవ్వాలి. ఇంకో మాట: కొన్ని మాడ్యూళ్లలో మొదటి పిన్ గ్రౌండ్, కొన్నింట్లో వీసీసీ (సరఫరా పిన్). తీగ పెట్టే ముందు బోర్డు మీద రాసింది చదవండి. తిరగబడితే తెర కాలిపోవచ్చు.

ప్రశ్న: యూబిట్‌ఎక్స్ హామ్ ట్రాన్సీవర్‌లో (పంపడం, అందుకోవడం రెండూ చేసే సెట్) 16x2 ఎల్‌సీడీ తీసి ఓఎల్‌ఈడీ పెట్టాను. స్కెచ్ ఎక్కింది, మెమరీ ఇంకా ఉందనే చూపిస్తోంది. తెర మాత్రం నల్లగానే ఉంది. (ఓ పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: మన హైదరాబాదీ అష్హర్ ఫర్హాన్ రూపొందించిన ఈ ట్రాన్సీవర్ పాత వెర్షన్లలో మెదడు నానోనే. దానికి ర్యామ్ 2048 బైట్లు. అడాఫ్రూట్ ఎస్‌ఎస్‌డీ1306 లైబ్రరీ తెర బొమ్మ కోసం 1024 బైట్లు అడుగుతుంది, అదీ ప్రోగ్రామ్ నడిచేటప్పుడు. అందుకే కంపైల్ చేసినప్పుడు చూపే లెక్కలోకి అది రాదు. చోటు చాలకపోతే బిగిన్ ఫంక్షన్ ఫాల్స్ అని తిరిగొస్తుంది, తెర వెలగదు. మీ వేరియబుల్స్ వెయ్యి బైట్లకు దగ్గరైతే ఇక ఆ లైబ్రరీ మీద ఆశ వదులుకోండి. బొమ్మను దాచుకోకుండా అక్షరాలను నేరుగా పంపే ఎస్‌ఎస్‌డీ1306ఆస్కీ గానీ, యూ8జీ2తో పాటే వచ్చే యూ8ఎక్స్8 గానీ వాడండి. ఫ్రీక్వెన్సీ, మోడ్, ఏ వీఎఫ్‌ఓ (ట్యూనింగ్ ఆసిలేటర్) నడుస్తోందో చూపడానికి అంతకు మించి అవసరం లేదు. ఎల్‌సీడీ తీసేశారు కాబట్టి డీ8 నుంచి డీ13 దాకా ఆరు పిన్నులు మిగులుతాయి, కీయర్‌కో (మోర్స్ పంపే సాధనం) అదనపు బటన్లకో వాడుకోవచ్చు.

ప్రశ్న: పీటీటీ (మాట్లాడటానికి నొక్కే బటన్) నొక్కగానే తెర గడ్డకట్టుకుపోతోంది. ఆఫ్ చేసి ఆన్ చేస్తే తప్ప కదలదు. (ఓ పాఠకుడు, నెల్లూరు)

జవాబు: ఆర్‌ఎఫ్ (ట్రాన్స్‌మిటర్ రేడియో శక్తి) ఐ2సీ తీగల్లోకి ఎక్కుతోంది. ఒక్క పల్స్ చెడినా వైర్ లైబ్రరీ జవాబు కోసం ఎదురుచూస్తూ ఉండిపోతుంది, నానో మొత్తం ఆగిపోతుంది. ముందు డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పెట్టే రెసిస్టర్) మీద ట్రాన్స్‌మిట్ చేయండి. అక్కడ బాగా ఉండి యాంటెన్నా మీదే గడ్డకడితే కామన్-మోడ్ కరెంటు ఫీడర్ (యాంటెన్నా కేబుల్) బయటి వైపు మీద తిరిగొస్తోందని అర్థం, ఫీడర్‌కి ఫెరైట్ చోక్ కావాలి. డమ్మీ లోడ్ మీదా అంతే అయితే తెర తీగలను 10 సెంటీమీటర్ల లోపుకి కుదించి, పవర్ ఆంప్లిఫయర్‌కి దూరంగా తిప్పండి. కొత్త ఏవీఆర్ కోర్‌లో (నానో చిప్‌కి ఆర్డుయినో ఇచ్చే మూల సాఫ్ట్‌వేర్) సెట్‌వైర్‌టైమౌట్ అనే ఫంక్షన్ ఉంది. అది మామూలుగా ఆపేసి ఉంటుంది. దానికి 25000 మైక్రోసెకన్లు, ట్రూ అని ఇస్తే ఇరుక్కున్నప్పుడు బస్ తనంతట తాను తేరుకుంటుంది. తెరను మళ్లీ ఇనిషియలైజ్ చేసే పని మాత్రం మీ స్కెచ్‌దే.

ప్రశ్న: కొండ మీదికి తీసుకెళ్లే క్యూఆర్‌పీ (తక్కువ పవర్) సెట్‌కి ఓఎల్‌ఈడీ పనికొస్తుందా? (ఓ పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: పట్టపగలు ఎండలో వద్దు. మన ఎండకి దాని వెలుగు ఆనదు, కాంట్రాస్ట్ పెంచితే బ్యాటరీ తరుగుతుంది. నోకియా 5110 ఎల్‌సీడీ పెట్టండి. బ్యాక్‌లైట్ లేకుండా అతి తక్కువ కరెంటుతో నడుస్తుంది, ఎండ పడేకొద్దీ ఇంకా బాగా కనబడుతుంది. ఇంట్లో బల్ల మీద ఉండే సెట్‌కైతే ఓఎల్‌ఈడీయే అందం. కానీ కాల్‌సైన్‌ను (మీ హామ్ గుర్తింపు పేరు) ఒకే చోట నెలల తరబడి వెలిగిస్తే ఆ చుక్కలు మసకబారి అచ్చుపడిపోతుంది. అయిదు నిమిషాలు ఎన్‌కోడర్ కదలకపోతే తెర ఆరిపోయేలా స్కెచ్‌లో రాసుకోండి.