రెండు లక్షలకు సంతకం పెట్టే ముందు

ప్రశ్న: మాది ఖమ్మం. మా ఆయనకు 38 ఏళ్లు, బైకు మెకానిక్ షాపు నడుపుతారు. ఖర్చులు పోను నెలకు 28 వేలు మిగిలేది. పధ్నాలుగు నెలల కిందట పిత్తాశయంలో రాళ్లున్నాయంటే ఇక్కడే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ల్యాప్రోస్కోపీ ఆపరేషన్ చేయించాం. 65 వేలు కట్టాం. నాలుగో రోజుకే కళ్లు పచ్చబడ్డాయి, కడుపు ఉబ్బింది. గ్యాసే, తగ్గిపోతుందని రెండు వారాలు తిప్పారు. హైదరాబాద్ తీసుకెళ్తే పిత్తనాళం దెబ్బతిందని మళ్లీ పెద్ద ఆపరేషన్ చేశారు. అక్కడ 7 లక్షల 20 వేలు, మందులకూ రానుపోనూ ఖర్చులకూ 85 వేలు అయ్యాయి. ఏడాది కిందట 6 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చాం. షాపు ఆరు నెలలు మూతపడింది, ఆ తర్వాత నుంచి సగం పనే నడుస్తోంది. ఇప్పుడు మొదటి ఆస్పత్రి మేనేజరు ఫోన్ చేసి, స్టాంపు పేపరు మీద సంతకం పెడితే 2 లక్షలు ఇస్తామంటున్నాడు. తీసుకోమంటారా, కేసు వేయమంటారా? నా దగ్గర 8 తులాల బంగారం ఉంది, అమ్మేయాలా? – ఒక సోదరి

జవాబు: అమ్మా, ఆ కాగితం మీద ఇప్పుడే సంతకం పెట్టకండి. ముందు ఒక తెల్లకాగితం తీసుకుని మీకు జరిగిన నష్టం రాయండి. హైదరాబాద్ ఆస్పత్రికి 7,20,000, మందులూ ప్రయాణాలకు 85,000. షాపు మూసిన ఆరు నెలలకు 1,68,000. సగం పని నడిచిన ఎనిమిది నెలలకు నెలకు 14 వేల చొప్పున 1,12,000. మొత్తం 10,85,000. అప్పు మీద ఏడాదికి కట్టిన వడ్డీ 1,44,000 కలిపితే 12,29,000. మీ ఆయన పడ్డ నొప్పికీ, ముందు ముందు చేయించాల్సిన పరీక్షలకూ నేనింకా లెక్క కట్టలేదు. వాళ్లిస్తామంటున్న 2 లక్షలు మీ అప్పు వడ్డీకి పదహారు నెలలు వస్తాయి, అంతే. అసలు అలాగే ఉంటుంది.

అయితే ఒక మాట మీకు కష్టంగా ఉన్నా చెప్పాలి. పిత్తనాళానికి దెబ్బ తగలడం ఈ ఆపరేషన్‌లో అరుదుగా జరిగే ప్రమాదమే, మంచి సర్జన్ చేతిలోనూ జరగొచ్చు. ఫలితం చెడిందన్న ఒక్క కారణంతో దాన్ని నిర్లక్ష్యం అనలేమని సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది. మీ ఉత్తరంలో నాకు బలంగా కనిపించింది ఆ తర్వాత జరిగిన సంగతి. కళ్లు పచ్చబడినా స్కాన్ తీయకుండా రెండు వారాలు గ్యాస్ అని తిప్పారంటే, అదీ రికార్డుల్లో కనిపిస్తే, కేసు నిలబడడానికి ఆధారం ఉన్నట్టే. అదీ ఇదీ తేల్చాల్సింది నేను కాదు. కాగితాలన్నీ పట్టుకుని, ఈ రెండు ఆస్పత్రులతో సంబంధం లేని ఒక గ్యాస్ట్రో సర్జన్ దగ్గరికి వెళ్లి, వీలైతే రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోండి. ఆ ఫీజు దగ్గర వెనకాడకండి.

కాగితాల సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నా. ఇలాంటి కుటుంబాలు నా ముందు కూర్చున్నప్పుడు బట్టల షాపు కవరు నిండా బిల్లులు తెచ్చి బల్ల మీద బోర్లిస్తారు. సగం బిల్లుల మీద అక్షరాలుండవు. మందుల షాపుల్లో ఇచ్చే ఆ నున్నటి కాగితం మీద అచ్చు ఏడాది తిరిగేసరికి వెలిసిపోతుంది. ఈ రోజే అన్నింటికీ జిరాక్సులు తీయించి, ఫోన్‌లో ఫొటోలు కూడా ఉంచుకోండి. మొదటి ఆస్పత్రి నుంచి కేసు షీటు, ఆపరేషన్ నోట్సు, మీ ఆయన సంతకం పెట్టిన అంగీకార పత్రం నకలు అడగండి. రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ నిబంధన ఉంది. నోటిమాటగా అడక్కండి, రిజిస్టరు పోస్టులో పంపండి. ఆదాయపు పన్ను రిటర్నులు లేకపోతే షాపు ఆదాయం ఎలా చూపించాలన్న భయం వద్దు. ఫోన్‌పే స్టేట్‌మెంట్లు, స్పేర్ పార్టులు కొన్న బిల్లులు, షాపు అద్దె రసీదులు, బ్యాంకు పాసుపుస్తకం, ఇవన్నీ సాక్ష్యాలే.

కేసు వేయాల్సింది జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, జనం కన్జ్యూమర్ కోర్టు అంటారే అదే. డబ్బు తీసుకుని చేసిన వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఇప్పుడున్న 2019 చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లాలోనే వేసుకోవచ్చు. ఏ కమిషన్‌కు వెళ్లాలో, ఎంత ఫీజు కట్టాలో మీరు ఆస్పత్రికి కట్టిన సొమ్మును బట్టి ఉంటుంది, అడిగే పరిహారాన్ని బట్టి కాదు. మీరు కట్టింది 65 వేలు, 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు మీ పేరుతో దరఖాస్తు చేయండి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఇస్తారు, ఫోన్ 15100. గెలిచాక వచ్చిన దాంట్లో ఇంత శాతం ఇవ్వమనే లాయరు ఎదురైతే లేచి వచ్చేయండి, మన దేశంలో లాయర్లకు ఆ ఒప్పందం నిషిద్ధం.

గడువు రెండేళ్లు. పధ్నాలుగు నెలలు అయిపోయాయి. ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలుంది గానీ దాని మీద ఆశ పెట్టుకోవద్దు. మేనేజరు వచ్చేవారం మాట్లాడదాం, పండగ వెళ్లాక చూద్దాం అంటూ సాగదీస్తే ఆ నెలలు పోయేది మీకే.

ఎంత రావచ్చని అడుగుతారు కదా. హైదరాబాద్‌లోనే జరిగిన నిమ్స్ కేసు గురించి చెబుతాను. 1990లో ఒక ఇంజినీరింగ్ విద్యార్థికి ఛాతీలో కణితి ఆపరేషన్ చేశాక నడుము కిందంతా చచ్చుబడింది. పరీక్ష కోసం ముక్క తీయడానికని అంగీకారం తీసుకుని కణితి మొత్తం తీశారు, న్యూరోసర్జన్‌ను తోడు పెట్టుకోలేదు. జాతీయ కమిషన్ పదిహేను లక్షల పైచిలుకు ఇస్తే, ఆయన చక్రాల కుర్చీలోంచే సుప్రీంకోర్టులో స్వయంగా వాదించుకున్నారు. 2009లో కోటి రూపాయలు, 6 శాతం వడ్డీతో వచ్చాయి. కోర్టు ఆ కోటిని ఎలా కట్టిందో చూడండి. నర్సుకు నెలకు 4 వేలు, ముప్ఫై ఏళ్లకు 14 లక్షల 40 వేలు. ఫిజియోథెరపీకి నెలకు 3 వేల చొప్పున 10 లక్షల 80 వేలు. అంటే గృహిణి నెల ఖర్చు రాసుకున్నట్టే. అందుకే మిమ్మల్ని ముందు లెక్క రాయమన్నాను. మీ ఆయనది అంత తీవ్రమైన నష్టం కాదు, కోటి గురించి ఆలోచించకండి. 10,85,000లో రుజువున్న భాగమూ, దాని మీద బాధకు కొంతా అని అనుకోండి. అప్పు వడ్డీని కమిషన్ విడిగా లెక్కలోకి తీసుకుంటుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.

ఇంకో సంగతి గమనించారా? కోర్టు ఇప్పించింది 6 శాతం వడ్డీ. మీరు కడుతున్నది 24 శాతం. కేసు మూడేళ్లు నడిస్తే రెండు రూపాయల వడ్డీ కిందే 4,32,000 పోతుంది. ఆస్పత్రివాళ్ల 2 లక్షలు మీకు పెద్దగా కనిపించడానికి కారణం ఈ వడ్డీయే. కాబట్టి కేసు కంటే ముందు దీన్ని తగ్గించాలి. బంగారం అమ్మకండి, బ్యాంకులో కుదువ పెట్టండి. బ్యాంకులో బంగారం మీద సాధారణంగా రూపాయి లోపు వడ్డీకే దొరుకుతుంది. ఇప్పటి ధరల్లో 8 తులాల మీద మీ అప్పులో చాలా భాగం తీరుతుంది. మిగిలింది మీ పొదుపు సంఘం ద్వారానో, స్త్రీనిధి ద్వారానో తీసుకుని వడ్డీ వ్యాపారికి ముగించండి. మొత్తం అప్పు రూపాయి వడ్డీకి దిగితే నెలకు 6 వేలు మీ ఇంట్లో మిగులుతాయి. తెల్లరేషన్ కార్డు ఉంటే, ముందు ముందు వచ్చే చికిత్సలు ఆరోగ్యశ్రీలో అవుతాయేమో అడగండి. తెలంగాణలో దాని పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షలు.

రాజీ అసలు వద్దని నేననను. కేసులో ఓడే అవకాశం ఉంది, గెలిచినా వాళ్లు రాష్ట్ర కమిషన్‌కు అప్పీలుకు వెళ్లొచ్చు. వెళ్లాలంటే తీర్పు సొమ్ములో సగం డిపాజిట్ చేయాలనుకోండి, అది మీకు కొంత ధైర్యం. 7, 8 లక్షలు వెంటనే చేతికొస్తాయంటే నేనైతే కూర్చుని మాట్లాడతాను. చాలామంది డాక్టర్లకు ఇలాంటి కేసుల కోసం బీమా పాలసీ ఉంటుంది, ఉందేమో అడగండి. నగదు ముట్టుకోవద్దు, డబ్బు బ్యాంకు ఖాతాలోనే పడాలి. కాగితంలో 'ఇకపై ఎలాంటి క్లెయిమూ ఉండదు' అన్న వాక్యం ఉంటే, ఆ తర్వాత ఎంత పెద్ద సమస్య వచ్చినా మీరు అడగలేకపోవచ్చు. లాయరు చదవకుండా సంతకం పెట్టకండి.

డబ్బు వచ్చిన రోజున ముందు అప్పు, తర్వాత ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన. మిగిలింది ఉంటే పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకం, ఒకరి పేరున 9 లక్షల వరకు వేసుకోవచ్చు. పరిహారం మీద సాధారణంగా ఆదాయపు పన్ను ఉండదు, దానిపై వచ్చిన వడ్డీ సంగతి మాత్రం ఆడిటర్‌కు చూపించండి.

మేనేజరు మళ్లీ ఫోన్ చేస్తే తగాదా పడకండి. మీరు చెప్పేదంతా ఆస్పత్రి లెటర్‌హెడ్ మీద రాసి పంపండి, చూసి చెబుతాం అని పెట్టేయండి. అదే రోజు రికార్డుల కోసం ఉత్తరం పోస్టు చేసి, రసీదు దాచుకోండి.