క్రిస్ పిడి ఏ చెక్కో తేల్చుకోవాలంటే

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

ఇండోనేషియాలోని జావా దీవిలో, యోగ్యకర్త నగరంలో నువ్వు కొన్న పాత క్రిస్ (అక్కడి సంప్రదాయ బాకు) ఫొటోలు అందాయి. పిడి ఏ చెక్కతో చేశారని అడిగావు. ఫొటోను బట్టి చెక్క పేరు చెప్పడం సరికాదు కనుక, దాన్ని చేతిలో పట్టుకుని నువ్వే ఎలా తేల్చుకోవాలో రాస్తున్నాను.

పాత పిడి పైరంగును నమ్మవద్దు. తరతరాల చేతి చెమట, నూనె, పొగ కలిసి లేత పసుపు చెక్కను సైతం ముదురు గోధుమ రంగుకు తెస్తాయి. అసలు రంగు దాగి ఉండేది పిడి అడుగున, బాకు తోక దిగే రంధ్రంలోనే. జావాలో ఆ తోకను పెసి అంటారు. దానికి గుడ్డపీలిక చుట్టి పిడిని బిగించడం అక్కడి వాడుక కనుక, మెల్లగా తిప్పుతూ లాగితే పిడి సాధారణంగా ఊడి వస్తుంది. బంక పోసి బిగించినట్లు కనిపిస్తే మాత్రం బలవంతం చేయవద్దు. బాకును పాషాణం (ఆర్సెనిక్ అనే విషం), నిమ్మరసంతో శుభ్రం చేసే ఆచారం అక్కడ ఉంది కాబట్టి, పని కాగానే చేతులు సబ్బుతో కడుక్కోవడం మరచిపోకు.

రంధ్రం అంచును పది రెట్లు పెంచి చూపే భూతద్దంతో, పక్కనుంచి వెలుతురు పడేలా చూడు. లోపల పసుపు రంగు ఉండి, అడ్డకోతలో సూదిమొన గుచ్చినంత రంధ్రాలైనా మామూలు కంటికి ఆనకపోతే, అది కెమునింగ్ అనే చెట్టుది కావచ్చునని మొదట అనుకోవాలి. మన కరివేపాకుకు దగ్గరి చుట్టమైన ఆ చెట్టు చెక్క బరువుగా, నున్నగా ఉంటుంది. పిడిని దీపం ఎదుట నెమ్మదిగా తిప్పితే దాని మెరుపు నీటి అలలా జరుగుతుంది. జావా పిడుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే.

లేత చెక్క మీద నల్లని మచ్చలుంటే అది తిమొహో అనే చెట్టు చెక్క కావచ్చు. ఆ మచ్చలను పెలెత్ అంటారు, వాటికి విలువ ఎక్కువ, అందుకే నకిలీలూ ఎక్కువ. నిజమైన మచ్చ చెక్క లోతుకు దిగి ఉంటుంది కనుక, అంచు దాటి రంధ్రంలోకి కూడా కొనసాగుతుందేమో చూడు. పైన పూసినదైతే అంచు దగ్గరే ఆగిపోతుంది. నల్లటి పిడులకూ ఇదే పరీక్ష: ఇండోనేషియాలోని సులవేసి దీవి నల్లచేవ (ఎబొనీ) చెక్కలో గోధుమ, నలుపు చారలు లోపలిదాకా ఉంటాయి, రంగు వేసిన చెక్క లోపల తెల్లగా బయటపడుతుంది. చెక్క పేరు సోనొకెలింగ్ అని ఎవరైనా చెబితే, అది మన ఇరుగుడు చెట్టేనని గుర్తుంచుకో.

వాసనతో నిర్ణయించవద్దు. బాకుకు గంధం, మల్లె నూనెలు పూయడం అక్కడ ఆనవాయితీ కాబట్టి, ఏ చెక్కైనా చందనంలా వాసన వేయవచ్చు.

ఒక మాట మాత్రం గట్టిగా చెబుతాను. ముప్పై ఏళ్ల కిందట, రంగు చూడాలన్న ఆత్రంలో ఒక పిడి మూలను ఉప్పుకాగితంతో రుద్దాను. చెక్క తెలిసింది కానీ, ఎన్నో చేతులు తెచ్చిన ఆ నునుపు ఆ చోట మళ్లీ రాలేదు. ఇప్పటికీ దాన్ని చూసినప్పుడల్లా బాధ కలుగుతుంది. నువ్వు ఉప్పుకాగితం, చాకు దాని దరిదాపులకు తీసుకువెళ్లవద్దు.

పిడులను మార్చడం అక్కడ మామూలే కనుక, చెక్కను బట్టి బాకు వయసు కట్టవద్దు. రంధ్రం లోపలి ఫొటో, తూకం గ్రాముల్లో రాసి పంపు.

మామయ్య